పాటగాడికి జామీను

ఆయన వాయిదాకి రాలేదన్న సంగతి నాకు మా కొట్లోనే తెలిసింది. చీపురుపల్లిలో కోర్టుకి ఎదురుగా ఉన్న వరసలో మాది మూడో కొట్టు. జిరాక్సు, స్టాంపు కాగితాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు మా వ్యాపారం. ఆ మధ్యాహ్నం ఆయన తరఫు లాయరమ్మ నల్లకోటు చేతి మీద వేసుకుని వచ్చింది. ఎప్పుడూ వచ్చీ రాగానే కాగితాలు నా ముందు పడేసి "రెండేసి కాపీలు" అనే మనిషి, ఆ రోజు ఉత్త చేతులతో కౌంటరు దగ్గర నిలబడిపోయింది.

"మీ పాటగాడు రాలేదండీ. మూడుసార్లు పిలిచారు. వారంటు వేసేశారు," అంది.

ఆయనకి బెయిలు వచ్చినప్పుడు జామీనుగా సంతకం పెట్టింది నేను. ఈ మనిషి ప్రతి వాయిదాకీ వస్తాడు, రాకపోతే పూచీ నాది అని జడ్జిగారి ముందు నిలబడి ఒప్పుకున్నాను. రెండో జామీను ఆయన బావమరిది. మేమిద్దరం సంతకాలు పెడితేనే ఆయన సబ్‌జైలు నుంచి బయటికి వచ్చాడు.

రెండు మూడు రోజుల్లో ఆయన్ని తీసుకొచ్చి నిలబెడితే వారంటు రద్దు చెయ్యమని పిటిషన్ వేస్తానని, ఆలస్యమైతే నాకూ నోటీసు వస్తుందని చెప్పి లాయరమ్మ వెళ్ళిపోయింది. నేను ఆయన నంబరుకి ఫోన్ చేశాను. ఎప్పుడు చేసినా వాళ్ళావిడే ఎత్తేది. ఆ రోజు ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోయింది. ఇక లాభం లేదనుకుని, మర్నాడు పొద్దున్న పాసింజరు బండికి కోటబొమ్మాళి వెళ్దామని నిశ్చయించుకున్నాను.

అసలు ఆయనకి నేనెందుకు జామీను ఉన్నానో చెప్పాలి.

ఇదే కొట్టు నా చిన్నతనంలో కాసెట్ల షాపు. మా నాన్న నడిపేవారు. అప్పట్లో సినిమా పాటలతో సమానంగా మా వైపు అమ్ముడుపోయినవి ఈయన పాటలు. కీబోర్డు, డ్రమ్ ప్యాడ్ పెట్టుకుని, మన యాసలో, మన ఊళ్ళ మాటలతో పాడేవాడు. రైలుగేటు పడిపోయి అటు పక్క అమ్మాయి, ఇటు పక్క అబ్బాయి నిలబడిపోయిన పాట ఒకటి ఉండేది. బొబ్బిలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఆటోల్లో, పెళ్ళి పందిళ్ళలో, హోటళ్ళలో అదే. మెరుపుల కోటు వేసుకుని స్టేజీ ఎక్కితే జనం బెంచీల మీద నిలబడిపోయేవారు. కాలేజీ ఆడపిల్లలం మేం ఆయన ఫోటో పుస్తకాలకి అట్టలుగా వేసుకున్నాం.

కాసెట్లు వచ్చిన రోజే అయిపోయేవి. మిగతావాళ్ళకి మేం ఖాళీ కాసెట్ల మీద కాపీలు చేసి ఇచ్చేవాళ్ళం. అది తప్పని తెలుసు, తెలియనట్టు ఉండేవాళ్ళం. కాపీలు తీసే పని నాది. ఒకరోజు నేను కౌంటరు మీద ఉండగా ఒక మామూలు తెల్లచొక్కా మనిషి వచ్చి, కాపీ కాసెట్ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం చూసి గుర్తుపట్టాను. కేకలేస్తాడనుకున్నాను. ఆయన కాసెట్ నా ముందు పెట్టి, "పాట ఎవలు పాడినారో తెలవాల గదమ్మా. నా పేరు కూడా రాయి," అన్నాడు. అంతే. నా చేతిలోని స్కెచ్ పెన్నుతోనే రాయించి, చూసి, తలూపి వెళ్ళిపోయాడు. మా నాన్నతో ఆ మాట చెప్పలేదు. ఆ తరవాత మాత్రం నేను తీసిన ప్రతి కాపీ మీదా ఆయన పేరు రాశాను.

తరవాత సీడీలు వచ్చాయి, ఫోన్లలో పాటలు వచ్చాయి, కాసెట్ల షాపు జిరాక్సు షాపైంది. నాన్న పోయారు. నేను పెళ్ళి చేసుకోలేదు, కొట్టు నా పేరు మీదికి వచ్చింది. ఆయన సంగతి అందరిలాగే నేనూ మరచిపోయాను. స్టేజీల మీద పాడిన మనిషి చివరికి గ్రామదేవత సంబరాల్లో ట్రాక్టరు మీద సౌండు బాక్సుల మధ్య నిలబడి పాడుకునేదాకా వచ్చాడని నాకు తెలియదు.

తెలిసింది ఫోన్లో వీడియో చూసి. మా పక్క మండలంలో ఒక ఊళ్ళో సంబరం. పొద్దున్న ఊరేగింపు హైస్కూలు రోడ్డు మీదికి వచ్చింది. లోపల పదో తరగతి పరీక్షలు జరుగుతున్నాయి. ఎస్సైగారు గేటు దగ్గర నిలబడి పాట ఆపమని చెయ్యెత్తి ఊపారు. వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది, ఈయన ఎస్సైగారిని చూసి నవ్వి, తిరిగి చెయ్యి ఊపి, ఇంకా గట్టిగా ఎత్తుకున్నాడు. ఒక కానిస్టేబులు వెనక నుంచి ట్రాక్టరు ఎక్కి మైకు వైరు లాగాడు. ఈయన ఉలిక్కిపడి తిరిగి మోచేత్తో ఒక్క తోపు తోశాడు. కానిస్టేబులు కింద పడ్డాడు, మణికట్టు విరిగింది. పోలీసుల విధులకి అడ్డుపడి గాయపరిచాడని కేసు పెట్టి సబ్‌జైలుకి పంపారు. ఆ వీడియో ఊరూరా తిరిగింది. కింద జనం రాసిన మాటలు చదవలేం. ఒకప్పటి పొగరు ఇంకా తగ్గలేదని ఒకరు, జైల్లో పాడుకోమని ఒకరు.

పన్నెండు రోజుల తరవాత ఆయన భార్య మా కొట్టుకి వచ్చింది. తమ్ముడి కాగితాలు జిరాక్సు తీయించుకుంటూ, స్థానికంగా ఆస్తి ఉన్నవాళ్ళు ఇంకొకరు జామీను కావాలంటున్నారని, రెండు రోజులుగా తిరుగుతున్నానని, ఎవరికో చెబుతున్నట్టు నాకు చెప్పింది. ఏడవలేదు. అలిసిపోయిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడింది. కాగితం మీద పేరు చూశాను. మరో ఆలోచన చెయ్యకుండా, నేను ఉంటానన్నాను. ఆమె నమ్మలేదు. నువ్వు మాకేటవుతావమ్మా అని అడిగింది. ఏమీ కానని చెప్పాను.

విజయనగరంలో ఉన్న మా అన్నయ్య ఫోన్లో గంటసేపు తిట్టాడు. ఊరూ పేరూ తెలియనివాళ్ళకి పూచీ ఉంటే ఏమవుతుందో నీకు తెలీదన్నాడు. తెలుసన్నాను. కోర్టు ఎదురుగా ఇరవై ఏళ్ళుగా కూర్చున్నదాన్ని.

అందుకే ఆ వారంటు మాట విన్నప్పుడు, నాకు మొదట భయం కాదు, సిగ్గేసింది. మా అన్నయ్య మాటే నిజమైందా అనిపించింది.

కోటబొమ్మాళి స్టేషన్‌లో దిగి, టైలరు షాపు అని అడిగితే చూపించారు. రోడ్డు పక్క చిన్న గది. ముందు ఆమె మిషను, వెనక ఇల్లు. ఆమె లేదు. ఆయన గుమ్మానికి వీపు పెట్టి, కిటికీ వెలుగులో కూర్చుని చీరకి ఫాల్ కుడుతున్నాడు. జుట్టు బాగా నెరిసింది, వీపు వంగింది. పక్కనే గోడకి ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తగిలించి ఉంది.

"అన్నా," అని పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. సూది ఆగలేదు. నాకు ఒళ్ళు మండింది. నన్ను చూడడం ఇష్టంలేక అలా కూర్చున్నాడనుకున్నాను. మూడోసారి గట్టిగానే పిలిచాను. పక్కింటావిడ బయటికి వచ్చి చూసింది కానీ ఆయన కదల్లేదు. అంతలో ఆయన భార్య కూరగాయల సంచితో వచ్చి, నన్ను చూసి ఆగి, లోపలికి వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన తిరిగాడు. నన్ను చూసి మొహం విప్పారింది.

"ఏటి సెల్లీ, నువ్వొచ్చినావు? రేపు నానే వస్తన్నాను గదా," అన్నాడు.

రేపేమిటన్నాను. వాయిదా రేపు కదా, పదిహేడు, అన్నాడు. నిన్నే అయిపోయింది, పదిహేను అన్నాను. ఆయన నా పెదాల వంక చూసి, పదిహేడే అన్నాడు మళ్ళీ. నేను వేళ్ళు చూపించాను. ఆయన గోడకి తగిలించిన చొక్కా వైపు చూశాడు. అప్పుడు నాకు అర్థమైంది.

ఆమె స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టి, టీ పెడుతూ చెప్పింది. నాలుగైదేళ్ళుగా వినపడడం తగ్గుతూ వచ్చింది. ఏళ్ళ తరబడి ఆ బాక్సుల ముందు నిలబడితే ఏమవుతుంది? ఇప్పుడు ఎదురుగా ఉండి మాట్లాడితే పెదాలు చూసి అందుకుంటాడు. వెనక నుంచి పిలిస్తే లేదు. ఫోన్ మోగినా, అందులో మాట్లాడినా అసలు వినపడదు. నిన్న ఆమె గుడ్డల కోసం టెక్కలి వెళ్ళింది, ఫోన్ ఇంట్లోనే ఆయన పక్కనే మోగుతూ ఉంది. రాత్రి నా నంబరు చూసి, కొట్టు కట్టేసి ఉంటుందని పొద్దున్న చేద్దామనుకుందట. వాయిదాల రోజు ఆమె కోర్టు బయటే ఉండిపోతుంది, లోపల గుమస్తా చెప్పిన తారీకు ఆయన విన్నట్టు తలూపి వస్తాడు.

"మరి పాట ఎలా పాడుతున్నారు?" అన్నాను, ఆయనకి ఎదురుగా కూర్చుని.

ఆయన అరచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. బాక్సుల దరువు ఇక్కడ తెలుస్తుందని, కాళ్ళ కింద ట్రాక్టరు రేకు మోగుతుందని, శ్రుతి గొంతులోనే గుర్తుంటుందని చెప్పాడు. అప్పుడు నేను హైస్కూలు దగ్గర సంగతి అడిగాను. ఎస్సైగారు చెయ్యి ఊపితే ఏమనుకున్నారని.

"పాట నచ్చి ఊపినారనుకున్నాను. శానా రోజులైంది సెల్లీ, ఎవలైనా నన్ను సూసి సెయ్యి ఊపి. సరదాగా ఉండి నానూ ఊపినాను."

వెనక మనిషి ఎక్కినట్టు ఆయనకి తెలియదు. ఉన్నట్టుండి చేతిలో మైకు ఎవరో లాగేస్తే, పడిపోతాననుకుని మోచెయ్యి విసిరాడు. ఇంతేనా కేసంటే అని నాకు కోపమూ, నవ్వూ, ఏడుపూ కలిసి వచ్చాయి. ఈ మాట లాయరుకి ఎందుకు చెప్పలేదన్నాను.

ఆయన చీర మడిచి పక్కన పెట్టాడు. "సెవిటోడని తెలిస్తే మైకు ఎవలు ఇస్తారు? ఏడాదికి నాలుగు సంబరాలు వస్తన్నాయి. అవి కూడా ఒగ్గేసుకోమంటావా?"

వాయిదాకి ఎందుకు రాలేదంటే జ్వరమని చెప్పమన్నాడు. ఈసారికి అలా గడిచిపోతుందన్నాడు. నేను వాదించాను. నేను ఒట్టి పదిహేను, పదిహేడు తేడాతో ఇరుక్కున్నానని, మళ్ళీ ఏ తారీకు వినపడక పోతుందోనని, ఈసారి జైలుకి పోతే జామీను ఉండడానికి నాకూ మొహం ఉండదని చెప్పాను. ఆయన నా పెదాలు చూడడం మానేసి, తల వంచుకుని మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకున్నాడు. వినడం ఇష్టంలేనప్పుడు ఆయనకి అదొక దారి.

నేను లేస్తుంటే ఆయన భార్య వెంట గుమ్మం దాకా వచ్చింది. ఆ మెరుపుల కోట్లన్నీ తనే కుట్టేదని, రెండు ఇంకా పెట్టెలో ఉన్నాయని చెప్పి, తెల్లారి బండికే వస్తామని మాటిచ్చింది. "నువ్వు బేగి ఎల్లమ్మా, కొట్టు మూసేసి వచ్చినావు," అంది.

మర్నాడు వాళ్ళు వచ్చేదాకా నేను షట్టరు సగమే ఎత్తి కూర్చున్నాను. తొమ్మిదిన్నరకి వచ్చారు. ఆ ఇస్త్రీ చొక్కాలోనే వచ్చాడు.

కోర్టు హాల్లో నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆయన భార్య మొదటిసారిగా లోపలికి వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. కేసు పిలిచారు. ఎవరో చేత్తో చూపిస్తే ఆయన వెళ్ళి నిలబడ్డాడు. లాయరమ్మ పిటిషన్ ఇచ్చి, విపరీతమైన జ్వరం వల్ల రాలేకపోయాడని విన్నవించింది. జడ్జిగారు నడివయసు మనిషి, కాగితాల మీంచి తల ఎత్తకుండా పనిచేసే రకం. అలాగే తల వంచుకుని, ఏమయ్యా, జ్వరం వచ్చిందా అని అడిగారు.

ఆయనకి పెదాలు కనపడలేదు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "లేదండి," అన్నాడు.

హాల్లో ఒకరిద్దరు నవ్వారు. లాయరమ్మ మొహం ఎర్రబడింది. జడ్జిగారి గొంతు మారింది. లాయరు ఒకటి చెబుతుంది, నువ్వొకటి చెబుతావు, కోర్టుతో ఆటలాడుతున్నావా అన్నారు, తల ఇంకా కాగితాల మీదే ఉంది. ఆయన అటూ ఇటూ చూశాడు. ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసింది. చూపు వెనక్కి తిరిగి గుమ్మం దగ్గర భార్య మీద ఆగింది. ఆమె ఒక చెయ్యెత్తి తన చెవి మీద పెట్టుకుంది. పెట్టుకుని అలాగే ఉంచింది.

నేను బెంచీ అంచు పట్టుకున్నాను. ఆయన ముందుకి తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, నాకు జొరం రాలేదండి. సెవులు ఇనపడవు. తారీకు పదిహేను అంటే పదిహేడు అనుకున్నాను. స్కూలు కాడ కూడా ఎస్సైగారి మాట ఇనపడలేదండి. పాటగాణ్ణి గదా, సెప్పుకోడానికి సిగ్గుపడినాను."

స్టేజీల మీద పాడిన గొంతు. హాలంతా వినిపించింది. జడ్జిగారు కలం కింద పెట్టి, మొదటిసారి తల ఎత్తారు. ఆయన్ని నాలుగడుగులు ముందుకి రమ్మని చేత్తో పిలిచారు. అప్పుడు నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి, ఇప్పుడు తెలుస్తోందా అని అడిగారు. మీరు తలెత్తి మాట్లాడితే తెలుస్తోందని ఆయన చెప్పాడు.

వారంటు రద్దయింది. వైద్యుల కాగితాలు దాఖలు చెయ్యమని లాయరమ్మకి చెప్పి, ఇకమీద ఈయనకి వాయిదా తారీకు చీటీ మీద రాసి ఇవ్వమని గుమస్తాతో అన్నారు. మెట్లు దిగుతూ ఆయన ఆ చీటీ రెండుసార్లు తీసి చూసుకున్నాడు. భార్య వంక మాత్రం చూడలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. మా కొట్టు దాకా వచ్చాక, ఆమె చేతిలో సంచి తను అందుకున్నాడు.

లాయరమ్మ నా మీద మండిపడింది. ముందురోజే తెలిసి తనకెందుకు చెప్పలేదని. అది ఆయన చెప్పుకోవలసిన మాటని అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, అయితే కేసు మొత్తం మళ్ళీ చదవాలంది. ఆ వీడియో కూడా అడిగి తీసుకుంది.

శ్రీకాకుళంలో ప్రభుత్వాసుపత్రికి పరీక్షకి వెళ్ళొచ్చిన కథ ఆయన భార్య నవ్వుతూ చెప్పింది. గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారట. ఈయన వినపడినా వినపడకపోయినా తాళం ప్రకారం నొక్కుకుంటూ పోయాడు. డాక్టరమ్మ బయటికి వచ్చి, పరీక్షలో కాపీ కొట్టొద్దని చీవాట్లు పెట్టి మళ్ళీ మొదటి నుంచీ చేయించింది. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయని సర్టిఫికెట్ ఇచ్చి, చెవి మిషన్లకి రాసింది. అవి చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది.

అవి పెట్టుకున్న మొదటి వారం ఆయనకి ప్రాణం విసిగిపోయింది. కుక్కర్ కూత, కాకి అరుపు, తన చెప్పుల చప్పుడు, అన్నీ మీద పడ్డాయి. ఇన్నేళ్ళూ ఈ కుట్టుమిషను ఇలాగే అరిచేదా అని భార్యని అడిగి, నూనె డబ్బా తెచ్చి మిషనంతా విప్పి నూనె వేశాడు. పాట సంగతే ఇబ్బంది పెట్టింది. చెవి మిషన్‌లో కీబోర్డు రేకుడబ్బాలా వినిపిస్తోందని, తన గొంతు ఎవరిదో అనిపిస్తోందని మానేశాడు. కొన్నాళ్ళు పూర్తిగా మౌనంగా ఉన్నాడట. తరవాత తనే ఒక పద్ధతి కనిపెట్టాడు. పాడేటప్పుడు కుడి చెవికి మిషను ఉంచి, ఎడమది తీసేస్తాడు. వాయిద్యం కుడి చెవిలోంచి, తన గొంతు తన తలలోంచి. రోజూ పొద్దున్న గంట సేపు అలా సాధన చెయ్యడం మొదలుపెట్టాడు.

సాక్షుల విచారణ ఆ వర్షాకాలంలో వచ్చింది. దానికి వారం ముందు ఆ కానిస్టేబులు మా కొట్టుకి ఏవో ఫారాలు జిరాక్సు తీయించుకోవడానికి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. చెయ్యి నయమైంది గానీ కాగితాలు ఎడం చేత్తోనే అందుకుంటున్నాడు. నేను జామీనునని అతనికి తెలుసు. ఆ ముసలాయనకి నిజంగానే వినపడదా అని అడిగాడు. నాకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ సాక్షితో నేను మాట్లాడకూడదు. అది కోర్టులో తేలుతుంది బాబూ అని, కాపీలు లెక్కపెట్టి ఇచ్చాను. అతను బండి స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపి, కాసేపు అలాగే కూర్చుని వెళ్ళాడు.

బోనులో అతను చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ముందు జరిగింది జరిగినట్టు చెప్పాడు. తరవాత లాయరమ్మ లేచి, ట్రాక్టరు ఎక్కాక మీరు ఆయన్ని పిలిచారా అని అడిగింది.

"రెండుసార్లు పిలిచానండి. తిరగలేదు."

"మీరు అక్కడున్నట్టు ఆయనకి తెలుసా?"

సర్కారు వకీలు అతని వంకే చూస్తున్నాడు.

"తెలియదండి. వైరు లాగితే, నిద్దట్లో ఎవలో పట్టుకుంటే ఉలిక్కిపడినట్టు పడినాడు. నన్ను సూసి తొయ్యలేదు. తోసిన తరవాత సూసినాడు. నాను పడిపోతే లేపడానికి కిందికి దిగినాడండి. ఆ ముక్క వీడియోలో రాలేదు."

ఈయన ఆ రోజు రెండు మిషన్లూ పెట్టుకుని ఉన్నాడు. ప్రతి మాటా విన్నాడు. తల వంచుకుని నిలబడ్డవాడు, కానిస్టేబులు బోను దిగి వెళ్తుంటే చేతులు జోడించాడు. అతను చూసీ చూడనట్టు బయటికి నడిచాడు.

తీర్పు ఇంకో నెలకి వచ్చింది. కావాలని చేసిన పని కాదని కేసు కొట్టేశారు. జడ్జిగారు ఆ ముక్క తల ఎత్తే చెప్పారు. నా జామీను పత్రం కూడా దానితోపాటు చెల్లిపోయింది. అన్నయ్యకి ఫోన్ చేసి చెబితే, పోనీలే, ఇకమీద ఎవరికీ ఉండకు అన్నాడు. సరేనన్నాను. మళ్ళీ ఎవరైనా వస్తే ఏం చేస్తానో నాకే తెలియదు.

కేసు గెలిచినంత మాత్రాన జనం పరుగెత్తుకుని రాలేదు. ఆయన భయపడ్డదీ కొంత నిజమైంది. చెవుల సంగతి తెలిసి రెండు ఊళ్ళవాళ్ళు వద్దనుకున్నారు. కొన్నాళ్ళకి పాతపట్నంలో ఒక పెళ్ళి విందుకి పిలిచారు. పిలిచినావిడ కాలేజీ రోజుల్లో నాలాగే ఆయన ఫోటో అట్ట వేసుకున్న మనిషి, పెళ్ళి ఆమె కూతురిది. నేనూ కొట్టు కట్టేసి వెళ్ళాను. పగటి పూట, కల్యాణమండపంలో. వచ్చినవాళ్ళలో సగం మంది ఒడియా మాట్లాడేవాళ్ళు. ఆయన మెరుపుల కోటు వేసుకోలేదు, అదే తెల్లచొక్కా. కీబోర్డు అబ్బాయిని పక్కన కాకుండా తనకి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

పాడేముందు మైకులో చెప్పాడు. "నాకు సెవులు తక్కువ బాబూ. పాట ఆపాలన్నా, మళ్ళీ పాడాలన్నా ఎనకనుంచి అరవకండి. ఎదురుగా వచ్చి సెప్పండి." జనం నవ్వారు. ఆయనా నవ్వాడు.

మొదటి పాటలో రెండుచోట్ల శ్రుతి జారింది. నాకు తెలిసింది, ఆయనకీ తెలిసింది. కీబోర్డు అబ్బాయి తల ఊపి చూపిస్తే పట్టుకున్నాడు. మూడో పాటకి గొంతు దారిలో పడింది. మధ్యలో ముందు వరసలోని ఒక పెద్దావిడ లేచి, నెమ్మదిగా నడిచి వచ్చి సరిగ్గా ఆయనకి ఎదురుగా నిలబడింది. ఆయన పాట ఆపేశాడు. ఏమైందోనని అందరం చూశాం. ఆవిడ ఒడియాలో ఏదో అంది. ఆ చరణం మళ్ళీ పాడమంటోందని పక్కనున్నవాళ్ళు చెప్పారు. ఆవిడ అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చుంటే, ఆయన ఆ చరణం రెండుసార్లు పాడాడు. ఆయన భార్య గోడవార నిలబడి, పెదాలతో తనూ పాడుతోంది.

పోయిన వారం ఆయన మా కొట్టుకి వచ్చాడు. కొత్త పాట రాశాడట, కీబోర్డు అబ్బాయికీ, తనకీ ప్రింటు కావాలన్నాడు. ఆయన చదువుతుంటే నేను టైపు చేశాను. కౌంటరు ముందు నిలబడి ఎంత గట్టిగా చదివాడంటే, కోర్టుకి వచ్చినవాళ్ళు రోడ్డు దాటి వచ్చి చూశారు. గొంతు తగ్గించమని సైగ చేస్తే, మిషను సర్దుకుని, మళ్ళీ అంతే గట్టిగా చదివాడు. కుట్టుమిషను మీద పాట అది. రెండో చరణంలో ఒక మాట బాగోలేదన్నాను. బాగుందన్నాడు. కాసేపు అక్కడే కూర్చుని పెన్నుతో కొట్టేసి, వేరేది రాసి, అది కూడా కొట్టేశాడు. ఇంటికెళ్ళి భార్యని అడిగి చెబుతానన్నాడు. బండికి టైమైపోతోందని లేచి, ఆ మాట ఉండాల్సిన చోటు ఖాళీగానే ఉంచి ప్రింటు తీసి ఇమ్మన్నాడు.